జంటలో ఎవరు మారాలి, ఎవరు ఉండాలి? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పెయిర్ ప్రోగ్రామింగ్‌లో, అంటే ఇద్దరు ప్రోగ్రామర్లు పక్కపక్కన కూర్చుని ఒకే కోడ్ రాసే పద్ధతిలో, జంటలు మార్చుకోవడం గురించే ఉన్నాయి. ఒకే రకమైన వాటిని కలిపి, ఐదింటికి ఇక్కడ జవాబిస్తున్నాము.

ప్రశ్న: మా టీములో ఎనిమిది మందిమి ఉన్నాము. ఏడాదిగా పెయిర్ ప్రోగ్రామింగ్ చేస్తున్నాము కానీ, బిల్లింగ్ మాడ్యూల్ మాత్రం మొదటి నుంచీ ఒకే ఇద్దరి చేతిలో ఉంది. ఈమధ్య ఆ ఇద్దరూ సెలవులో ఉన్న సమయంలో ప్రొడక్షన్‌లో (వినియోగదారులు వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో) ఒక బగ్ బయటపడితే, మిగిలిన ఆరుగురిలో ఒక్కరికీ ఆ కోడ్‌ను ముట్టుకునే ధైర్యం రాలేదు. దాంతో మా మేనేజర్ ఇకపై రోజూ జంటలు మారాలని తేల్చి చెప్పారు. ఆ ఇద్దరేమో, రోజుకొకరికి మొదటి నుంచి చెప్పుకుంటూ కూర్చుంటే అసలు పని ఎప్పుడు జరుగుతుందని అడుగుతున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక టీమ్ లీడ్

జవాబు: ఇద్దరి మాటా నిజమే. అయితే వారు మాట్లాడుతున్నది ఒకే సంగతి గురించి కాదు. మీ మేనేజర్ బాధ మాడ్యూల్ గురించిన తెలివిడి ఇద్దరి దగ్గరే ఆగిపోయిందని; ఆ ఇద్దరి బాధ చేతిలో ఉన్న టికెట్ (టీము చేయవలసిన పనులలో ఒకటి) మధ్యలో తెగిపోతుందని. మొదటిదానికి మందు మనుషులను మార్చడం. రెండోదానికి మందు, అందరినీ ఒకేసారి మార్చకపోవడం. ఈ రెండింటినీ కలిపి చూడనంతకాలం వాదన తెగదు.

ఎప్పుడూ విడిపోని జంట వల్ల కోడ్ నాణ్యత బాగుండవచ్చు. రెండు కళ్ల బదులు నాలుగు కళ్లు చూస్తాయి కనుక తప్పులు తొందరగా దొరుకుతాయి. కానీ టీము కోణంలో చూస్తే ఆ ఇద్దరూ ఒక్క మనిషి కిందే లెక్క, మీ అనుభవమే అందుకు సాక్ష్యం. పెయిర్ ప్రోగ్రామింగ్‌ను ప్రచారంలోకి తెచ్చిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే సాఫ్ట్‌వేర్ తయారీ పద్ధతిలో జంట మొదటి నుంచీ తాత్కాలికమైనదే. 1990లలో క్రైస్లర్ కంపెనీ జీతాల లెక్కల ప్రాజెక్టులో కెంట్ బెక్, ఆయన సహచరులు ఆ పద్ధతికి రూపమిచ్చారు. 1999లో బెక్ దాన్ని పుస్తకంగా రాసినప్పుడు, పొద్దున ఒకరితో కూర్చున్న వ్యక్తి మధ్యాహ్నం మరొకరితో కూర్చోవడం మామూలు విషయమన్నట్టే చెప్పారు. స్థిరమైన జంటలు తర్వాతి కాలంలో టీములు సౌకర్యం కోసం చేసుకున్న అలవాటు.

ఇక ఆ ఇద్దరి అభ్యంతరాన్ని బద్ధకమని కొట్టిపారేయకండి. 1999లో యూటా విశ్వవిద్యాలయంలో లారీ విలియమ్స్ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, జంటలు తమ మొదటి అసైన్‌మెంట్‌కు, ఒంటరిగా చేసినవారి కంటే మొత్తం మీద సుమారు 60 శాతం ఎక్కువ పనిగంటలు తీసుకున్నాయి. ఒకరికొకరు అలవాటుపడ్డాక ఆ అదనం సుమారు 15 శాతానికి దిగింది. ఆ మొదటి భారంలో కొంత జంటగా పనిచేయడమే కొత్త కావడం వల్ల వచ్చింది, నిజమే. మీవారికి ఆ కొత్తదనం ఎప్పుడో పోయింది. అయినా, పక్కన కూర్చున్న మనిషి ఎలా ఆలోచిస్తారో పట్టుకోవడానికి ప్రతి మార్పులోనూ కొంత సమయం పడుతుంది. ఇద్దరూ ఒకేసారి మారితే దానికి తోడు టికెట్ చరిత్ర కూడా పోతుంది. ఆ ఫీల్డు ఎందుకు తీసేశారో, ఆ షరతు ఎందుకు పెట్టారో చెప్పేవారు ఆ బల్ల దగ్గర ఉండరు.

అందువల్ల పాటించవలసిన నియమం ఒకటే: టికెట్ దగ్గర ఒకరు ఉండాలి, ఒకరు మారాలి. ఎవరు ఉండాలన్నదానికి రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిదానిలో టికెట్‌కు ఒక యజమాని ఉంటారు. పని పూర్తయ్యేదాకా ఆయనో ఆవిడో కదలరు, పక్కవారే మారుతుంటారు. రెండోదానిలో ఆ టికెట్ మీద ఎక్కువసేపు ఉన్న వ్యక్తి లేచి వెళ్తారు, కొత్తగా వచ్చినవారు తర్వాతి వ్యక్తికి పాతవారవుతారు. తెలివిడి త్వరగా వ్యాపించేది రెండో పద్ధతిలోనే. కానీ అందులో ప్రతి ఒక్కరూ ఒక విడత పనిలోనే విషయం గ్రహించి ఇంకొకరికి చెప్పగలగాలి. ఇప్పుడే మొదలుపెట్టే టీముకు అది తలకు మించిన పని, కనుక మీరు మొదటి పద్ధతితో మొదలుపెట్టండి.

ఇక్కడే చాలా టీములు తలకిందులుగా చేసే పని ఒకటుంది. బిల్లింగ్ తెలిసినవారిని బిల్లింగ్ టికెట్లకు యజమానులుగా ఉంచి, మిగిలినవారిని వారి పక్కకు ఒక్కొక్కరినీ పంపుతారు. వచ్చినవారు రోజంతా తల ఊపి, సాయంత్రం వెళ్లిపోతారు; తెలిసినవారికే ఇంకా తెలుస్తుంది. దాన్ని తిరగేయండి. బిల్లింగ్ టికెట్లకు మిగిలిన ఆరుగురిలో ఒకరిని యజమానిగా పెట్టి, ఆ ఇద్దరినీ మారే భాగస్వాములుగా, ఎప్పుడూ విడివిడిగా పంపండి. అప్పుడు ప్రశ్నలు అడగవలసిన అవసరం యజమానిది అవుతుంది, చెప్పవలసిన బాధ్యత తెలిసినవారిది అవుతుంది. ఆ ఇద్దరికీ ఏకబిగిన మొదటి నుంచి పాఠం చెప్పే శ్రమ కూడా తప్పుతుంది, ఎందుకంటే ఆ టికెట్‌కు కావలసినంతే చెబుతారు.

ఎన్నాళ్లకొకసారి అన్న ప్రశ్నకు ఒకే అంకె చెప్పేవారిని నమ్మకండి. పివోటల్ ల్యాబ్స్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో జంటలు రోజూ మారడం ఆనవాయితీగా ఉండేది. మెన్లో ఇన్నొవేషన్స్ అనే సంస్థలో వారానికొకసారి మారుతాయి. ప్రోగ్రామర్ ఆర్లో బెల్షీ 2005లో ప్రచురించిన అనుభవ నివేదికలో, రకరకాల వ్యవధులు ప్రయత్నించాక తమ టీముకు గంటన్నర బాగా కుదిరిందని రాశారు. ముగ్గురి అంకెలూ వారి వారి పరిస్థితులకు సరిపోయినవే. చిన్న చిన్న టికెట్లు, కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసి నిమిషాలలో పూర్తయ్యే టెస్టులు, రోజుకు ఎన్నోసార్లు మెయిన్ బ్రాంచ్‌లో (అందరి పనీ చేరే ప్రధాన ప్రతిలో) కలిసే కోడ్ లేకుండా గంటన్నర పద్ధతిని అనుకరిస్తే మిగిలేది గందరగోళమే. మీ టీము విషయంలో నేనైతే ఇలా చెబుతాను: ఒక పూటలో అయిపోయే టికెట్‌ను మధ్యలో విరవకండి, రెండు రోజులు దాటిన ఏ టికెట్ దగ్గరా అదే జంటను కొనసాగనివ్వకండి. మారే సమయం ఉదయం స్టాండప్ (టీమంతా కలిసే చిన్న సమావేశం) ముగిసిన వెంటనే ఉంటే మంచిది. డీబగ్గర్‌లో (కోడ్‌లో తప్పు వెతికే సాధనంలో) సగం దూరం వెళ్లిన మనిషిని గడియారం చూసి లేపడం ఎవరికీ ఉపయోగపడదు.

మార్పు నిజంగా పరీక్షకు వచ్చేది మొదటి పావుగంటలో. పాక్షిక రీఫండ్ టికెట్ ఒకటి నడుస్తోందనుకుందాము. ఒక ఆర్డరులో సమాన ధర గల మూడు వస్తువులు ఉన్నాయి, మొత్తం మీద 100 తగ్గింపు ఇచ్చారు. ఒక్కో వస్తువుకు 33.33 చొప్పున పంచితే మొత్తం 99.99 అవుతుంది. మిగిలిన 0.01 ఏ వస్తువుకు చేర్చాలో తేలకపోతే, మూడూ విడివిడిగా వెనక్కి వచ్చిన రోజున రీఫండ్ లెక్క తప్పుతుంది. వెళ్లిపోయే వ్యక్తి దీన్ని నోటితో వివరించి లేవడం కంటే, "మూడు వస్తువులూ విడిగా వాపసు వస్తే మొత్తం సరిపోవాలి" అనే అర్థం వచ్చే పేరుతో, ఫెయిలయ్యే టెస్టు ఒకటి రాసి, బ్రాంచ్‌లో కమిట్ చేసి (భద్రపరచి) లేవడం మేలు. కొత్తగా వచ్చినవారు ముందుగా టెస్టులు నడుపుతారు, ఫెయిలై ఎర్రగా కనిపించిన ఆ ఒక్కదాన్ని చూసి "ఇదేమిటి?" అని అడుగుతారు, యజమాని ఆ ప్రశ్నకు జవాబు చెబుతారు. వెంటనే కీబోర్డు కొత్తవారి చేతికి వెళ్లాలి. చూస్తూ కూర్చుంటే గంట గడిచినా అర్థం కానిది, ఆ టెస్టును పాస్ చేయించే ప్రయత్నంలో త్వరగా అర్థమవుతుంది.

ఇంకొక చిన్న సంగతి. ప్రతివారి మెషీన్‌లో ఎడిటర్, షార్ట్‌కట్లు, డేటాబేస్ సెటప్ వేరువేరుగా ఉంటే, మారిన ప్రతిసారీ సమయం వాటికే పోతుంది, ఆ నింద రొటేషన్ (జంటలు మారడం) మీద పడుతుంది. ముందు దాన్ని సరిచేసుకోండి.

ప్రశ్న: మేము ఏడుగురము. ఎవరు ఎవరితో ఎన్నిసార్లు కూర్చున్నారో స్ప్రెడ్‌షీట్‌లో రాసుకుంటూ, లెక్క సమానంగా ఉండేలా ఒక స్క్రిప్టు చేత జంటలు వేయిస్తున్నాము. ప్రతిరోజూ ఒకరు మిగిలిపోతున్నారు, జంటలేమో పనితో సంబంధం లేకుండా పడుతున్నాయి. ఇంతకంటే మంచి మార్గముందా?

జవాబు: లెక్క ప్రకారం ఏడుగురిలో 21 జంటలు సాధ్యము. రోజుకు మూడు జంటల చొప్పున, ప్రతివారూ ఒక్కో రోజు ఒంటరిగా మిగులుతూ, ఏడు రోజులలో అందరూ అందరితో ఒకసారి కూర్చోవచ్చు. ఎనిమిది మంది ఉంటే 28 జంటలు. అవీ ఏడు రోజులలోనే పూర్తవుతాయి, ఎవరూ మిగలరు. లెక్క ముచ్చటగానే ఉంది కానీ, టికెట్లు ఏడు రోజుల చక్రాన్ని చూసి పుట్టవు. స్క్రిప్టుకు తెలిసింది పేర్లే. ఏ టికెట్ ఎక్కడ ఆగిందో దానికి తెలియదు.

స్ప్రెడ్‌షీట్‌ను పారేయనక్కరలేదు. అడ్డంగా, నిలువుగా అందరి పేర్లూ రాసి, మెట్ల ఆకారంలో సగం పట్టిక మాత్రమే ఉంచి, కలిసి పనిచేసిన రోజున ఆ గడిలో గుర్తు పెట్టే పద్ధతి చాలా టీములలో ఉంది. దాన్ని జంటలు నిర్ణయించడానికి కాక, ఖాళీ గడులు చూడడానికి వాడండి. స్టాండప్‌లో ముందుగా టికెట్ యజమానులు తమకు ఏ సహాయం కావాలో ఒక్కో వాక్యంలో చెప్పాలి. మిగిలినవారు పట్టికను చూస్తూ ఎటు వెళ్లాలో తామే ఎంచుకోవాలి. నెల రోజులుగా ఖాళీగా ఉన్న గడి కనిపిస్తే అప్పుడు లీడ్ కలగజేసుకుంటే చాలు. ఈ పట్టిక ఏడాది చివరి అప్రైజల్‌లో ప్రత్యక్షమైందా, ఆ మరుసటి రోజు నుంచి గుర్తులు పెరుగుతాయి, కలిసి చేసే పని పెరగదు.

మిగిలిపోయిన ఏడో వ్యక్తి కొత్త టికెట్ మొదలుపెట్టకపోవడం మంచిది. మొదలుపెడితే ఒంటరి తెలివిడి మళ్లీ అక్కడే పుడుతుంది. లైబ్రరీల వెర్షన్లు పెంచడం, సపోర్టు నుంచి వచ్చిన ఫిర్యాదులను చూసి వర్గీకరించడం, డాక్యుమెంట్లు సరిచేయడం వంటివి ఆ రోజుకు సరిపోతాయి. చిక్కు టికెట్ ఉన్న రోజున ముగ్గురు కలిసి కూర్చున్నా తప్పేమీ లేదు.

ప్రశ్న: నేను ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. మా దగ్గర జంటలు రెండు రోజులకొకసారి మారుతాయి. ఒక సీనియర్ కీబోర్డు ఇవ్వరు, నేను చూస్తూ ఉంటాను. ఇంకొకరు కీబోర్డు నాకిచ్చి తమ ఫోన్ చూసుకుంటారు. మారిన ప్రతిసారీ పరీక్ష హాలులోకి వెళ్తున్నట్టు ఉంటోంది. ఒకే సీనియర్‌తో ఆరు నెలలు ఉంచమని అడగవచ్చా?

జవాబు: అడగవచ్చు కానీ, అడగవద్దని నా సలహా. ఒకే సీనియర్ దగ్గర ఉంటే మీకు ఆ సీనియర్ పద్ధతులే వస్తాయి; ఆ వ్యక్తికి తెలియని మాడ్యూళ్లు మీకూ తెలియకుండా పోతాయి. మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ రొటేషన్ వల్ల పుట్టలేదు. జంటగా ఎలా కూర్చోవాలో మీ టీములో ఎవరూ మాట్లాడుకోకపోవడం వల్ల పుట్టాయి.

కీబోర్డు మీద ఉన్నవారిని డ్రైవర్ అని, పక్కనుండి దారి చూసేవారిని నావిగేటర్ అని అంటారని మీకు తెలిసే ఉంటుంది. కీబోర్డు వదలని సీనియర్‌తో పనికివచ్చే ఏర్పాటు ఒకటుంది. లెవెలిన్ ఫాల్కో ప్రచారంలోకి తెచ్చిన ఆ పద్ధతిలో, ఒకరి ఆలోచన కంప్యూటర్‌లోకి వెళ్లాలంటే అది రెండోవారి చేతుల మీదుగానే వెళ్లాలి. ఆలోచన సీనియర్‌దైతే టైపు చేసేది మీరు, మీకు ఏదైనా తోస్తే టైపు చేసేది సీనియర్. దీన్ని ఫిర్యాదులా కాక, "ఈ ఫంక్షన్ వరకు మీరు చెప్పండి, నేను టైపు చేస్తాను" అని పని మొదలయ్యేటప్పుడే అడిగితే కాదనేవారు తక్కువ. ఫోన్ చూసుకునే వ్యక్తి విషయంలో, టెస్టు ఒకరు రాసి దాన్ని పాస్ చేయించే కోడ్ రెండోవారు రాయాలనే ఆట పనిచేస్తుంది. పది నిమిషాలకొకసారి తమ వంతు వస్తుంటే దృష్టి మళ్లించుకునే వీలుండదు. అయినా మారకపోతే అది మీ లీడ్ తేల్చవలసిన సంగతి, ఆరు నెలల అనుభవమున్న మీ మీద వేసుకోకండి.

పరీక్ష హాలు భయం గురించి ఒక మాట. పైన చెప్పిన బెల్షీ నివేదికలో విచిత్రంగా తోచే సంగతి ఒకటుంది. వారు పనిని దాని గురించి అందరికంటే తక్కువ తెలిసిన వ్యక్తికి అప్పగించేవారు. విషయం తెలియని మనిషి ఏదీ ముందే అనుకోరు, అన్నీ అడుగుతారు, ఆ స్థితిలోనే నేర్పు త్వరగా వస్తుందని వారి వాదన. దీన్ని ప్రతి టీముకూ యథాతథంగా వర్తింపజేయడం నాకు సమ్మతం కాదు. కానీ "ఇది ఇలా ఎందుకుంది?" అని మీరు అడిగినప్పుడు పక్కనున్న సీనియర్ ఒక్క క్షణం ఆగిపోయారంటే, ఆ ప్రశ్న టీము అడగవలసినదే. ఇద్దరు జూనియర్లు కలిసి కూర్చునే రోజులు కూడా ఉండాలి. మధ్యాహ్నానికి ఒక సీనియర్ వచ్చి చూసేటట్టు ఏర్పాటు చేసుకుంటే చాలు.

ప్రశ్న: నేను మేనేజర్‌ను. ఒక పనికి ఇద్దరి జీతం, పైగా మారినప్పుడల్లా ఆలస్యం. ఇది లాభమని నిరూపించే అధ్యయనాలు ఉన్నాయా? ఎవరి పని ఎంతో నేను ఎలా తెలుసుకోవాలి?

జవాబు: నిరూపించేవి అనడం కష్టం, ఆలోచింపజేసేవి ఉన్నాయి. వృత్తి నిపుణులతో జరిగిన పెద్ద ప్రయోగం ఎరిక్ అరిషోల్మ్ బృందం 2007లో ప్రచురించినది. అందులో 295 మంది జావా కన్సల్టెంట్లు పాల్గొన్నారు. పనిని సరిగ్గా పూర్తిచేయడానికి జంటలకు మొత్తం మీద 84 శాతం ఎక్కువ శ్రమ పట్టింది. సంక్లిష్టమైన సిస్టమ్ మీద సరైన పరిష్కారాల నిష్పత్తి 48 శాతం పెరిగింది కానీ సమయం తగ్గలేదు. సులభమైన సిస్టమ్ మీద సమయం 20 శాతం తగ్గింది కానీ నాణ్యత పెరగలేదు. జూనియర్లకు, సంక్లిష్టమైన పనిలో, మేలు ఎక్కువగా కనిపించింది. 2009లో జో హన్నే తదితరులు అప్పటి ప్రయోగాలన్నిటినీ కలిపి విశ్లేషించినప్పుడు కూడా దాదాపు ఇదే తేలింది: నాణ్యతలో కొద్ది మెరుగు, గడువులో కొంత ఆదా, శ్రమలో అదనపు ఖర్చు.

మీరు గమనించవలసినది, అరిషోల్మ్ ప్రయోగం ఒక్కరోజు పని మీద జరిగినదని. మీ టీములో కీలకమైన వ్యక్తి రాజీనామా చేసిన నెలలో ఏమవుతుందో ఒక్కరోజు ప్రయోగం చెప్పలేదు; రొటేషన్‌కు మీరు కట్టే ఖర్చు ఆ నెల కోసమే. అందుకని అన్ని పనులకూ ఇద్దరిని కూర్చోబెట్టనక్కరలేదు. బటన్ రంగు మార్చడానికి ఒక్కరు చాలు. డబ్బు లెక్కలు, లాగిన్, డేటా మైగ్రేషన్ వంటి, తప్పు జరిగితే రాత్రిపూట లేవవలసి వచ్చే పనుల దగ్గర ఇద్దరిని పెట్టి, వారిని మారుస్తూ ఉండండి.

మీరు చూడవలసిన కొలతలు కూడా వేరే ఉన్నాయి. ఒక్కో మాడ్యూల్‌లో భయం లేకుండా మార్పు చేయగలవారు ఎందరు? ఒకరు సెలవు పెట్టినప్పుడు ఆగిపోయిన టికెట్లు ఎన్ని? మూడు నెలలకొకసారి ఈ రెండూ రాసి చూసుకుంటే రొటేషన్ ఫలిస్తోందో లేదో తెలుస్తుంది. ఎవరి పని ఎంత అన్నదానికి, గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనంలో) కమిట్ సందేశం చివర "కో-ఆథర్డ్-బై" అనే వరుసలో రెండోవారి పేరు చేర్చే వీలుంది. గిట్‌హబ్ 2018 నుంచి ఆ ఇద్దరినీ రచయితలుగా చూపిస్తోంది. అది చరిత్ర కోసం, ఆ కోడ్ గురించి రేపు ఎవరిని అడగాలో తెలియడం కోసం. కమిట్లు లెక్కబెట్టి మార్కులు వేస్తే, తమ టికెట్ వదిలి పక్కవారి టికెట్ దగ్గరకు వెళ్లడానికి ఎవరూ ముందుకు రారు.

ప్రశ్న: నాకు ఒంటరిగా పనిచేయడమే ఇష్టం. ఇప్పుడు ఏఐ అసిస్టెంట్ పక్కనే ఉండి కోడ్ సూచిస్తోంది, తప్పులు పట్టుకుంటోంది. దాన్నే నా భాగస్వామి అనుకోకూడదా? ఇక జంటలు మారడమెందుకు?

జవాబు: తప్పులు పట్టడం, కోడ్ సూచించడం వరకు మీరన్నది కొంతమేర ఒప్పుకోవచ్చు. కానీ మీరు సెలవు పెట్టిన రోజున ఆ అసిస్టెంట్ స్టాండప్‌కు వచ్చి, నిన్న మీరు ఆ మినహాయింపు ఎందుకు పెట్టారో చెప్పదు. మీరు దానితో ఎంతసేపు సంభాషించినా ఆ నిర్ణయాలు తెలిసిన మనిషి మీరొక్కరే. పైగా కోడ్ వేగంగా పుడుతున్నకొద్దీ, దాన్ని చదివి అర్థం చేసుకున్నవారి సంఖ్య వెనకబడే ప్రమాదం ఎక్కువవుతుంది. అసిస్టెంట్‌ను వాడండి, ఇద్దరు కూర్చున్నప్పుడు కూడా వాడండి. అది ఇచ్చిన కోడ్‌ను స్వీకరించాలా వద్దా అన్నది ఆ ఇద్దరూ మాట్లాడుకుని తేల్చండి.

ఒంటరితనం ఇష్టమనడంలో తప్పు లేదు. రోజంతా ఇంకొకరితో మాట్లాడుతూ పనిచేయడం చాలామందికి అలసట కలిగిస్తుంది, అందులో దాచవలసినదీ ఏమీ లేదు. రోజులో నాలుగైదు గంటలు మాత్రమే జంటగా ఉండి, మిగిలిన సమయం చదువుకోవడానికి, మెయిళ్లకు, చిన్న ప్రయోగాలకు ఉంచుకునే టీములు ఉన్నాయి. మీ లీడ్‌ను ఆ ఏర్పాటు అడగండి. మీరు ఒంటరిగా చేసిన ప్రయోగం పనికివస్తుందని తేలితే, ఆ కోడ్‌ను అలాగే మెయిన్ బ్రాంచ్‌లో కలపకుండా, మరుసటి ఉదయం ఆ రోజు మీ జంట ఎవరైతే వారితో కూర్చుని, కీబోర్డు వారికిచ్చి, మళ్లీ మొదటి నుంచి రాయించండి.